జవాబు కార్డు మీద ఎర్రగీతలు

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు నలభై ఎనిమిదో ఏట వచ్చాయి. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఒక పేజీ రాయడానికి రెండు పూటలు పడుతుంది. ఇంగ్లీషు మాటలు నాకు చదువు చెప్పినావిడ నోట ఎలా విన్నానో అలాగే తెలుగులో రాశాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఇందులో దాలమ్మ అని వచ్చే మనిషిని నేనే. అయినా కథ నాది కాదు, జగదీశ్వరి పంతులమ్మది. అందుకే నన్ను కూడా ఓ పక్కన నిలబెట్టి రాశాను.

జగదీశ్వరి భావనపాడు బడికి వచ్చింది అరవై ఆరో సంవత్సరం జూన్ నెలలో. బడి మొత్తానికి ఆమె ఒక్కతే పంతులమ్మ. అప్పటికి ఇరవై ఆరేళ్ళు. విజయనగరంలో ఆమె తండ్రి త్యాగరాజు గారు ఇంట్లోనే పిల్లలకు వయొలిన్ నేర్పేవారు. తల్లి లేదు. పొద్దున్నే నాలుగు వయొలిన్ల అపశ్రుతుల మధ్య కాఫీ తాగి పెరిగిన పిల్లకు ఇక్కడ సముద్రం ఒక్కటే చప్పుడు. అది ఎప్పుడూ ఆగదు, మనం చెప్పేది వినదు.

ఆమెకు దొరికింది దాలమ్మ ఇంటి వీధి గది. దాలమ్మ భర్త నూకయ్య ఎనిమిదేళ్ళ క్రితం తెప్ప వేసుకుని వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. పిల్లలు లేరు. ఆమె ఎండుచేపలు గంపకెత్తుకుని టెక్కలి సంతలో అమ్ముకునేది. జగదీశ్వరి చేప ముట్టదు, వెల్లుల్లి కూడా ముట్టదు. కిరసనాయిలు పొయ్యి మీద తన అన్నం తానే వండుకునేది. వచ్చిన కొత్తలో ముక్కుకు పమిట చెంగు అడ్డం పెట్టుకుని వాకిట్లో నడిచేది. దాలమ్మ అది చూసింది. మూడో రోజుకు చేపలు ఆరబెట్టే చోటు మొగలి పొదల అవతలికి మారిపోయింది. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు దాలమ్మ గుమ్మం అవతల నిలబడి అడిగేది.

"తిన్నావేటి, పంతులమ్మా?"

"తిన్నాను, దాలమ్మా."

"ఏటి తిన్నావు?"

"పప్పు."

"నిన్నా పప్పే కదేటి! కోడిపిల్లకి నూకలేసినట్టు అంతే తింటే గాలికెగిరిపోతావు."

తన చేతి కూడు పంతులమ్మ తినదని దాలమ్మకు తెలుసు. అందుకని అడగడం ఒక్కటే ఆమె చెయ్యగలిగిన మర్యాద. జగదీశ్వరికి మాత్రం అది రోజూ వినపడే సముద్రం లాగే ఉండేది. కొన్నాళ్ళకు వినడం మానేసింది.

ఆమెకు కావలసింది ఒక్కటే, ఆ ఊరు దాటడం. బి.ఎ. ప్రైవేటుగా కట్టి అన్నీ గట్టెక్కింది, ఒక్క ఇంగ్లీషు తప్ప. అది రెండుసార్లు పోయింది. అది కూడా ప్యాసైతే ఏదో ఒక పట్నంలో హైస్కూలుకు వెళ్ళవచ్చు. కాకపోతే ఈ ఇసక, ఈ గది, ఈ సముద్రం. డిక్షనరీలో మాటలన్నీ చిన్నప్పుడు తాతగారి దగ్గర పద్యాలు నేర్చినట్టు వల్లె వేసింది. పేజీలకు పేజీలు అప్పజెప్పగలదు. పరీక్షలో ఒక మాట ఇచ్చి, అర్థం రాసి సొంత వాక్యంలో వాడమంటే మాత్రం కలం కదిలేది కాదు.

కూతురి కష్టం చూసి త్యాగరాజు గారు తమ పక్క వీధిలో ఉండే జానకిరామయ్య మాస్టారితో మాట్లాడారు. ఆయన కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవారు. భార్య పోయాక ఒక్కరే ఉంటున్నారు. పాఠం టపాలో చెబుతానన్నారు.

పద్ధతి ఇది. తపాలా ఆఫీసులో జవాబు కార్డులని అమ్మేవారు. రెండు కార్డులు కలిసి ఉంటాయి. ఒకటి మనం రాసేది, రెండోది అవతలివారు తిరుగు టపాలో వేసేది. జగదీశ్వరి ప్రతి శుక్రవారం ఆ తిరుగు కార్డు మీద మూడు ఇంగ్లీషు మాటలు, ఒక్కొక్కదానికి తన మాటల్లో అర్థం, దాని కింద ఒక వాక్యం రాసి పంపాలి. మాస్టారు దాని మీదే ఎర్రసిరాతో దిద్ది, జంట కార్డు నుంచి విడదీసి, టపాలో వేస్తారు. మొదటి కార్డులోనే ఆయన ఒక షరతు పెట్టారు. "డిక్షనరీలో వాక్యం ఎవరిదో. నీ వాక్యం నీకు జరిగినదై ఉండాలి. అబద్ధం రాస్తే మాట నిలవదు."

అరవై ఏడు జులైలో మొదలుపెట్టింది. రాయడానికి ఏం జరిగింది గనక అని మొదట విసుక్కుంది. తర్వాత కళ్ళ ముందున్నవే రాసింది.

హాస్పిటబుల్. వచ్చినవారిని ఆదరించే గుణం గల. 'మా ఇంటావిడ హాస్పిటబుల్. రోజూ సాయంత్రం నేను తిన్నానో లేదో అడుగుతుంది.'

పర్సిస్టెంట్. పట్టు వదలని. 'తిన్నానని చెప్పినా ఆవిడ పర్సిస్టెంట్‌గా ఏం తిన్నావని అడుగుతుంది.'

కార్డు తిరిగి వచ్చేది. ఇక్కడో చిన్న ఎర్రచుక్క, అక్కడో చీమంత టిక్కు. మాటలు నిలబడసాగాయి. చలికాలం వచ్చేసరికి వాక్యాలు పొడుగయ్యాయి. జగదీశ్వరికి తెలియకుండానే అవి ఉత్తరాలయ్యాయి.

మొనాటనస్. మార్పు లేక విసుగు పుట్టించే. 'మొన్న ఆదివారం నేను ఒక్క మనిషితోనైనా మాట్లాడలేదు. రోజంతా మొనాటనస్‌గా గడిచింది.'

దానికి మాస్టారు ఒక కామా చేర్చి పంపారు.

ఆబ్లివియస్. గమనించని, ఎరుక లేని. 'నిన్న నా పుట్టినరోజు. ఆ సంగతికి అందరూ ఆబ్లివియస్.'

దానికి ఒక చిన్న మాట కొట్టేసి, దాని మీద సరైన మాట రాశారు. అంతే. పుట్టినరోజు గురించి ఒక్క ముక్క లేదు.

జగదీశ్వరి ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. అడ్రసు పక్కన ఖాళీ జాగా అలాగే ఉంది. ఒక మనిషి తన బతుకును మూడేసి వాక్యాలుగా కోసి పంపుతుంటే అవతలాయన కామాలు ఏరుకుంటున్నాడు. ఆ రాత్రి ఆమెకు అన్నం సహించలేదు.

పరీక్ష మార్చి ఆఖరున, శ్రీకాకుళంలో. మార్చి మొదటి వారంలో దాలమ్మ చేపల గంపతో టెక్కలి వెళ్ళి, బండి దొరక్క అక్కడే రెండు రోజులు ఉండిపోయింది. జగదీశ్వరికి ఒళ్ళు వెచ్చబడింది. బడికి సెలవిచ్చి గదిలో పడుకుంది. తలుపు ఎవరూ తట్టలేదు. రెండో రోజు లేచి కూర్చుని కార్డు మొత్తానికీ ఒక్క మాటే రాసింది.

డెసొలేట్. ఎవరూ లేక, దిక్కులేక ఉన్న. 'ఈ ఊళ్ళో నేను డెసొలేట్. తిన్నావా అని అడిగే మనిషి ఒక్కరూ లేరు.'

వెళ్ళి టపాలో వేసి వచ్చింది. ఆ సాయంత్రమే గంప దించుతూ దాలమ్మ వాకిట్లోంచి కేకేసింది. "పంతులమ్మా! తిన్నావేటి? మొకం అలగున్నాదేటి?"

జగదీశ్వరికి ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. కానీ కార్డు అప్పటికే వెళ్ళిపోయింది.

తర్వాత జరిగింది ఆమె ఎదుట జరగలేదు. వారం తిరిగాక పోస్టుమాన్ గంగులు వచ్చేసరికి ఆమె బడిలో ఉంది. దాలమ్మ వాకిట్లో వల బాగుచేస్తోంది.

"ఓలప్పా, పంతులమ్మకి కార్డు."

"బడి కాడ ఇచ్చీరాదేటి? నీ కాళ్ళేమన్నా అరిగిపోతాయేటి?"

"అరిగిపోనాయి. నౌపడ నుంచి ఉప్పు మడుల గట్లెంట నడిసొచ్చినోడితో ఆ మాటనీకు." గంగులు కార్డు ఇవ్వబోయి ఆగాడు. "ఇది సూడప్పా. ఎప్పుడూ ఇలగ నేదు."

ఈ మూల నుంచి ఆ మూలకు ఒక ఎర్రగీత. ఆ మూల నుంచి ఈ మూలకు ఇంకో ఎర్రగీత. రాసినదంతా కొట్టేసి ఉంది.

"ఏటి రాసున్నాది?" అంది దాలమ్మ.

"ఇంగ్లీసు. నాకు అడ్రసు కాడికే వస్తాది. పైన శ్రీ నేదు, మూలల పసుపు నేదు. ఊరేమో ఇజీనారం." గంగులు గొంతు తగ్గించాడు. "నానేటీ సెప్పనేదు, నువ్వేటీ ఇననేదు." సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

దాలమ్మకు చదువు రాదు. కానీ ఒక గీత చదవడం వచ్చు. నూకయ్య తిరిగి రాని ఏడాది రేషను కార్డు పట్టుకెళ్తే, గుమస్తా అతని పేరు మీద ఎర్రసిరాతో ఇలాగే ఈ చివర నుంచి ఆ చివరకు గీత కొట్టి చేతికిచ్చాడు. సముద్రం చెప్పని మాట ఆ గీత చెప్పింది. ఈ కార్డు మీద ఒకటి కాదు, రెండున్నాయి. పంతులమ్మకు ఉన్నది తండ్రి ఒక్కడే.

చావు కబురు కార్డు గుమ్మం దాటి లోపలికి తీసుకురాకూడదు. వీధిలోనే చదివి, చింపేసి, నెత్తిన నీళ్ళు పోసుకుని లోపలికి రావాలి. కానీ అది వినవలసిన మనిషి ఇంకా వినలేదు. చెబితే పిల్ల ఇప్పుడే బయల్దేరిపోతుంది, పరీక్ష మూడోసారి పోతుంది. శ్రీకాకుళంలో ఆ పరీక్ష రాసి వచ్చిన పూట చెబుదామనుకుంది దాలమ్మ. కార్డును బయట చూరు తాటాకుల్లో దోపింది.

దాచడం తేలికే. దాచి మొహం చూడడం ఆమెకు చేతకాలేదు. తండ్రి పోయిన పిల్లను 'తిన్నావేటి' అని ఏ నోటితో అడగడం? అడిగితే ఏడుపొస్తుంది. అందుకని అడగడం మానేసింది. రోజూ గుమ్మం మీద పెట్టే కనకాంబరాల మూర మానేసింది, మైలలో ఉన్న పిల్ల పువ్వులు పెట్టుకోకూడదు గనక. జగదీశ్వరి బడి నుంచి వస్తుంటే వల పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయేది.

జగదీశ్వరికి ఇదేమీ తెలియదు. ఆమెకు తెలిసింది రెండే. మాస్టారి కార్డు రాలేదు. శుక్రవారం పోయింది, సోమవారం పోయింది, మళ్ళీ శుక్రవారం వచ్చింది. ఇంటావిడ మాట్లాడడం లేదు. సాయంత్రం దీపం వెలిగించి కూర్చుంటే గుమ్మం అవతల ఖాళీగా ఉండేది. ఇన్నాళ్ళూ వినడం మానేసిన ఆ ప్రశ్న కోసం చెవి పెట్టుకుని కూర్చుంది. తను రాసిన అబద్ధం తన ఎదుటే నిజమై కూర్చుంది. ఒకరోజు వండుకోవడం మానేసింది. మర్నాడు కూడా. ఎవరూ అడగలేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం పెట్టె సర్దుకుని వాకిట్లోకి వచ్చింది.

"దాలమ్మా, రేపు ఇంటికి పోతున్నాను. పరీక్ష రాయను."

దాలమ్మ చేతిలో చేట పక్కన పెట్టి లేచింది. "ఇంటికా? ఇంటికెందుకు?"

"ఇక్కడ ఎవరున్నారని? మాస్టారు కార్డులు మానేశారు. నువ్వు మొహం చూడడం మానేశావు. నేనేం తప్పు చేశానో చెప్పు, పోతాను."

"నువ్వేటీ సెయ్యనేదు. పరీచ్చ రాసీసి ఎల్లు."

"రాయను."

"నా మాటిను తల్లీ. ఇంక వారమే కదా. ఆయనెలాగూ..." దాలమ్మ నోరు నొక్కుకుంది.

"ఆయనెవరు? ఎలాగూ ఏమిటి?"

దాలమ్మ అరుగు మీద కూలబడి నెత్తి కొట్టుకుంది. "మీ అయ్య పోనాడు పంతులమ్మా! తొమ్మిది దినాలయినాది. కార్డొచ్చింది. నానే దాసీసినాను. పాపిష్టిదాన్ని, నీ పరీచ్చ పోతాదని దాసీసినాను."

జగదీశ్వరికి సముద్రం కూడా వినపడలేదు.

"కార్డేది?"

"అక్కడే ఉండు. లోనికెల్లకు." దాలమ్మ చూరులో చెయ్యి పెట్టి కార్డు తీసింది. ఒక్క అంగలో బిందె నిండా నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది, వినగానే నెత్తిన పొయ్యడానికి.

కార్డు మీద తన రాతే ఉంది. దాని మీద రెండు ఎర్రగీతలు. తిప్పింది. ఇన్నాళ్ళూ ఖాళీగా వచ్చిన అడ్రసు పక్క జాగాలో సన్నని అక్షరాలు కిక్కిరిసి ఉన్నాయి. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెబితే ఇది:

'వ్యాకరణం సరిగ్గా ఉంది. వాక్యం అబద్ధం. జులై పద్నాలుగున హాస్పిటబుల్ కింద నువ్వే రాశావు, మీ ఇంటావిడ రోజూ అడుగుతుందని. ఆగస్టు నాలుగున పర్సిస్టెంట్ కింద మళ్ళీ రాశావు. నీ వాక్యాలన్నీ నా దగ్గర నోటుబుక్కులో ఎత్తి రాసుకున్నాను. వేరే వాక్యం పంపు. నన్ను అలా అడిగేవాళ్ళు లేరు. కనుక ఈ మాట నాకు వదిలెయ్యి.'

జగదీశ్వరి చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత అక్కడే ఇసకలో కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతుంటే కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి.

"ఓలమ్మ! గుంటకి మతి సెడిపోనాది!" దాలమ్మ బిందె ఎత్తేసింది.

"పొయ్యకు, పొయ్యకు! ఎవరూ పోలేదు. మా నాన్న బాగున్నారు."

"బాగున్నాడా?"

"బాగున్నారు."

"మరా ఎర్రగీతలేటి?"

"నేను అబద్ధం రాశాను. మాస్టారు కొట్టేశారు."

దాలమ్మ బిందె దించింది. దమ్ము తీసుకుంది. "ఏటబద్ధం?"

జగదీశ్వరికి అన్ని ఇంగ్లీషు మాటల కంటే ఈ జవాబు కష్టమైంది. ఇసకలోకి చూస్తూ చెప్పింది. "తిన్నావా అని నన్ను అడిగేవాళ్ళు ఎవరూ లేరని."

దాలమ్మ బిందెను పక్కకు జరిపింది. "రోజూ అడిగినాను కదేటి?"

"అడిగావు."

"మరి?"

చీకటి పడుతోంది. అవతల ఎవరో తెప్ప లాగుతూ పదం పాడుతున్నారు. దాలమ్మ లేచి పమిట దులుపుకుంది. అలవాటు ప్రకారం గుమ్మం అవతలికి వెళ్ళి నిలబడింది.

"తిన్నావేటి?"

"లేదు. నిన్న కూడా లేదు. నీ దగ్గర ఏముంది?"

"సోడంబలి ఉన్నాది. నువ్వు తాగవు కదా."

"పోసివ్వు, అప్పా." అక్కను ఆ ఊళ్ళో పిలిచే పిలుపుతో ఆమె దాలమ్మను పిలవడం అదే మొదలు.

దాలమ్మ ఒక్క క్షణం నమ్మలేదు. తర్వాత లోటా మూడుసార్లు తోమింది. జగదీశ్వరి ఉప్పు వేసుకుని, పచ్చిమిరపకాయ కొరుక్కుని, లోటాడు రాగి అంబలి గుక్క తిప్పుకోకుండా తాగింది.

ఆ శుక్రవారం కార్డులో కూడా ఒక్క మాటే రాసింది. ఎంక్వైర్. అడిగి తెలుసుకొను. 'నేను ఎంక్వైర్ చేస్తున్నాను: మాస్టారూ, మీరు తిన్నారా?' తిరుగు టపాలో జవాబొచ్చింది. వాక్యం కింద టిక్కు, దాని పక్కన రెండు మాటలు. 'తిన్నాను. అటుకులు.'

శ్రీకాకుళంలో పరీక్షలో ఐదు మాటలిచ్చారు. అందులో ఆమె కార్డుల మీద రాసినది ఒక్కటే ఉంది. అయినా ఐదింటికీ తనకు జరిగినవే రాసి వచ్చింది. జూన్‌లో ప్యాసైంది. బదిలీ కాగితం రావడానికి మాత్రం మరో ఏడాది పట్టింది. ఆ ఏడాది దాలమ్మ అడిగింది. "ఆ గీతలేటో తెలీకే కదా నిన్ను తొమ్మిది దినాలు ఏడిపించినాను. నాకూ నేర్పు." జగదీశ్వరి అదే పద్ధతిలో నేర్పింది. ఒక మాట, దాని అర్థం, దాని కింద జరిగిన వాక్యం. దాలమ్మ పలక మీద రాసిన మొదటి వాక్యం: 'నూకయ్య సంద్రానికెల్లి రానేదు.' జగదీశ్వరి దాన్ని దిద్దలేదు.

అరవై తొమ్మిది జూన్‌లో బొబ్బిలి హైస్కూలుకు వెళ్ళిపోయింది. మూడేళ్ళు కోరుకున్న ప్రయాణం. బండి మీద ఉప్పు మడులు దాటేదాకా వెనక్కి తిరగలేదు. తిరిగితే దిగిపోతానేమోనని భయపడ్డానని తర్వాత రాసింది. దాలమ్మ సాయంత్రం దీపం వేళకు వీధి గది గుమ్మం అవతల నిలబడింది. లోపల పొయ్యి పెట్టిన చోట నల్లని మచ్చ తప్ప ఏమీ లేదు. మర్నాడు తపాలా ఆఫీసుకు వెళ్ళి జవాబు కార్డు కొన్నది. రాయడానికి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. 'తిన్నావేటి పంతులమ్మా.' జవాబు తొమ్మిదో రోజుకు వచ్చింది. 'తిన్నాను, అప్పా. పప్పు.'

అలా శుక్రవారం కార్డులు నడిచాయి. డెబ్బై నాలుగులో, శుక్రవారం కాని ఒక రోజున, జగదీశ్వరి రాసిన ఒక కార్డు వచ్చింది. మామూలు నీలి సిరా. ఒక్క ఎర్రగీత లేదు. పైన శ్రీ కూడా లేదు. దాలమ్మ వాకిట్లోనే నిలబడి కూడబలుక్కుని చదివింది. జానకిరామయ్య మాస్టారు పోయారు. పోయిన మర్నాడు గానీ పక్కింటివారికి తెలియలేదు. త్యాగరాజు గారు ఆయన నోటుబుక్కు తెచ్చి కూతురికి ఇచ్చారు. అందులో ఆమె వాక్యాలన్నీ తేదీలతో సహా ఉన్నాయి. డెసొలేట్ అన్న మాట దగ్గర మాత్రం వాక్యం లేదు, జాగా వదిలారు.

చదివాక చింపెయ్యాలి. దాలమ్మ చింపలేదు. నెత్తిన నీళ్ళు పోసుకుని, కార్డును చూరు తాటాకుల్లో పాతచోటే దోపింది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. తమ్ముడి ఇంట ఉంటున్నాను. ఇక్కడ సముద్రం వినపడదు, మిల్లు కూత వినపడుతుంది. పంతులమ్మ కార్డులు ఇక్కడికీ వస్తున్నాయి. ఈ వారం కార్డు ఇంకా రాలేదు.

సూరాడ దాలమ్మ, అరవై మూడేళ్ళు, నెల్లిమర్ల.